ఉత్తరాల కానుక

ఆదివారం ఆరాధనలో కానుక సంచి వరుసల మధ్య తిరుగుతుంది. అందులో నోట్లు, చిల్లర పడటం మామూలే. అమెరికాలోని కొన్ని చర్చిల్లో ఏటా ఒకరోజు ఉత్తరాలు కూడా కానుకగా చేరతాయి. ఆకలి తీర్చే పథకాలకు నిధులు కోయొద్దని విశ్వాసులు తమ చట్టసభ సభ్యులకు రాసి, ప్రార్థన చేసి పంపుతారు. అదే ‘ఉత్తరాల కానుక’.

దీన్ని నడిపేది ‘బ్రెడ్ ఫర్ ద వరల్డ్’ అనే క్రైస్తవ సంస్థ. న్యూయార్క్ పేదవాడలో పనిచేసిన లూథరన్ పాస్టర్ ఆర్థర్ సైమన్ 1974లో దాన్ని స్థాపించారు. చర్చి ఎన్ని పొట్లాలు పంచినా సర్కారు బడ్జెట్‌కు సాటిరాదన్నది దాని వాదన. నిజమే కదా! 2025 జులై 1న అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడ్డాక ఆ ఉత్తరాల అవసరం ఇంకా పెరిగింది.

అలాంటి ఉత్తరం మన దగ్గరా రాయొచ్చు. మన పొరుగున మహారాష్ట్రలో చంద్రాపూర్ (చాందా) ఉంది. 1962లో సిరో మలబార్ చర్చి చాందా పేరిట అక్కడ మిషన్ ప్రాంతం ఏర్పడింది. ఆదిలాబాద్ మేత్రాసనం 1999లో దాన్నుంచే విడివడింది.

మన దేశంలో తిండి అడగటానికి చట్టమే ఉంది. 2001లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లడంతో మొదలైన పోరాటం 2013 ఆహార భద్రత చట్టానికి దారి వేసింది. ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు.

కానీ పత్తి ఏరి ఏరి గీతలు అరిగిన వేలు రేషన్ మిషన్‌పై పెడితే ముద్ర పడదు. మళ్లీ తుడిచి పెట్టాలి, మళ్లీ. చాందాలో ఎవరైనా ఉత్తరం రాయదలిస్తే మొదటి వాక్యం ఆ వేలి గురించే ఉండాలి.