పెరటి కోళ్లలో కోలుకోలేని పిల్లలు: సకాల నిర్ణయం, బాధ లేని ముగింపు

పెరటి కోళ్ల పెంపకంపై వెలువడే విస్తరణ సాహిత్యం జాతుల ఎంపిక, బ్రూడింగ్, టీకాలు, దాణా గురించి విపులంగా చెబుతుంది. జబ్బుపడి కోలుకోలేని పిల్లలను, అక్కరకు రాని పిల్లలను ఏం చేయాలన్న ప్రశ్నకు అందులో దక్కే చోటు తక్కువ. ఆచరణలో ఈ నిర్ణయం ఎక్కువగా కోళ్లను చూసుకునే మహిళపైనే పడుతుంది. ‘దానంతట అదే పోతుంది’ అని గంప పక్కన వదిలేయడానికి, పెంటకుప్పపై పడవేయడానికి కారణం సాధారణంగా కాఠిన్యం కాదు. చంపడానికి చేతులు రాకపోవడం, సరైన పద్ధతి తెలియకపోవడం. కానీ అలా వదిలిన పిల్ల చలికి, ఆకలికి, చీమల కాటుకు గంటల తరబడి బాధపడుతుంది. ఆలస్యమే ఇక్కడ అసలైన హింస.

కోలుకునేవి, కోలుకోలేనివి

బలహీనంగా కనిపించిన ప్రతి పిల్లా చావవలసినది కాదు. పొట్టలో మిగిలిన పచ్చసొన 2 నుంచి 3 రోజుల వరకు పోషణనిస్తుంది కనుక, పుట్టిన రోజున మేత ముట్టకపోవడం జబ్బు లక్షణం కాదు. మొదటి వారంలో పిల్లలకు దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. ఒకదానిపై ఒకటి చేరి కీచుమనే పిల్లలు చలికి గురైనవే కావచ్చు. వేడి అందితే తేరుకుంటాయి. రెట్ట అంటుకొని మలద్వారం మూసుకుపోతే గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవాలి. కాళ్లు పక్కలకు జారిపోయే పిల్లలకు నున్నని కాగితం బదులు గోనెపట్టా పరచి, రెండు కాళ్లను సహజమైన ఎడంలో మెత్తని పట్టీతో కలిపి కట్టాలి. తొలి రోజుల్లోనే మొదలుపెడితే చాలావరకు సరిపడతాయి. కాలివేళ్లు లోపలికి ముడుచుకోవడం రైబోఫ్లేవిన్ లోపం వల్ల అయితే, ఆరంభంలో ఆ విటమిన్ అందిస్తే గుణం కనిపిస్తుంది. మెడ మెలితిరగడం రాణీఖేత్ తెగులులోనూ, కొన్ని విటమిన్ల లోపంలోనూ కనిపిస్తుంది కనుక పశువైద్యుని సలహా అవసరం.

బొడ్డు మూసుకోక పొట్ట ఉబ్బి దుర్వాసన వచ్చేవి, పేగులు బయటపడినవి, కుక్క లేదా పిల్లి నోట పడి తీవ్రంగా గాయపడినవి, నోరు తెరచి ఎగశ్వాస తీసుకునేవి కోలుకునే అవకాశం చాలా తక్కువ. ఇటువంటి వాటి విషయంలో వేచి ఉండరాదు. మిగిలిన వాటిని వేరుచేసి, వేడి, నీరు అందించి ఒక రోజు గమనించాలి. అప్పటికీ లేచి నిలబడక, నీరు మింగలేక క్షీణిస్తుంటే నిర్ణయం తీసుకోవాలి.

అవాంఛిత పిల్లలు

పొదిగిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే. నాటు పుంజు మాంసానికి పనికివస్తుంది కనుక పెరట్లో అది భారం కాదు. గుడ్ల కోసం అభివృద్ధి చేసిన లేయర్ జాతుల పుంజులు మాత్రం మాంసానికి త్వరగా ఎదగవు. హేచరీలకు అవి అక్కరలేనివి. రంగులు అద్ది సంతల్లో, వీధుల్లో పిల్లలకు ఆటవస్తువులుగా అమ్మేవి తరచుగా ఇవే. తగిన వేడి, టీకాలు లేకుండా వచ్చే ఈ పిల్లలు చాలావరకు త్వరగా చనిపోవడమే కాక, ఇంటి మందకు తెగుళ్లు తెచ్చే ప్రమాదం ఉంది. కొనకపోవడమే దీనికి మందు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి హేచరీలలో మగ పిల్లలను చంపడాన్ని నిషేధించింది. పెరటి స్థాయిలో నివారణ గుడ్డు దగ్గరే మొదలవ్వాలి. నాటు పెట్ట కింద 10 నుంచి 12 గుడ్లు చాలు. పెంచగలిగినన్ని పిల్లలకే గుడ్లు పొదగవేసి, మిగిలినవి వంటకు వాడుకోవాలి.

చంపవలసి వస్తే

నీటిలో ముంచడం, పాలిథిన్ సంచిలో కట్టివేయడం, ఫ్రిజ్‌లో గడ్డకట్టించడం, సజీవంగా పూడ్చడం అమానవీయం. ఇంట్లో తయారుచేసిన బొగ్గుపులుసు వాయువూ నమ్మదగినది కాదు. అప్పుడే పుట్టిన పిల్లలు ఆ వాయువును పెద్ద కోళ్లకంటే ఎక్కువగా తట్టుకుంటాయి. శిక్షణ పొందిన చేతికి అందుబాటులో ఉన్న పద్ధతి మెడ వెన్నుపూసను తల నుంచి వేరుచేయడం. పిల్ల దేహాన్ని ఒక చేత స్థిరంగా పట్టుకొని, రెండవ చేతి బొటనవేలు, చూపుడువేలు తల వెనుక ఉంచి, ఒకే కదలికలో గట్టిగా సాగదీస్తూ తలను వెనుకకు వంచాలి. తలకూ మెడకూ మధ్య ఖాళీ వేలికి తగలాలి. మెడను నలపడం సరికాదు. ఆ తరువాత రెక్కలు కొట్టుకోవడం అసంకల్పిత చర్య. శ్వాస ఆగిందని, కంటిని తాకినా రెప్ప కదలడం లేదని కొన్ని నిమిషాలు గమనించి నిర్ధారించుకున్నాకే పక్కన పెట్టాలి. చేయి వణికేవారు ప్రయత్నించకుండా అనుభవజ్ఞులను పిలవడమే మేలు.

మృతదేహాన్ని కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఒకటి రెండు పిల్లలు వరుసగా పోతుంటే తాజా మృతదేహాన్ని గడ్డకట్టనీయకుండా మంచు ముక్కల మధ్య ఉంచి వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపితే మిగిలిన మందకు దారి దొరుకుతుంది. ఒక్కసారిగా అనేక కోళ్లు చనిపోతే మాత్రం కోయకుండా, తరలించకుండా వెంటనే పశువైద్యాధికారికి తెలపాలి; బర్డ్ ఫ్లూ అనుమానం అక్కడే మొదలవుతుంది.

విస్తరణ సిబ్బంది చేయవలసినది

జంతువులకు అనవసర బాధ కలిగించడాన్ని, క్రూర పద్ధతుల్లో చంపడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. అయితే చట్టాన్ని చూపి భయపెట్టడం కంటే చేసి చూపడం ఫలిస్తుంది. పెరటి కోళ్ల శిక్షణలో టీకా వేయడం నేర్పే గంటలోనే, చనిపోయిన పిల్లలపై ఈ పద్ధతిని సాధన చేయించవచ్చు. ఊరికి ఇద్దరు నేర్చుకున్నా, గంప పక్కన పిల్లను రోజంతా వదిలేయవలసిన అవసరం ఆ ఊళ్లో ఎవరికీ ఉండదు.