కొత్త కోచ్ వస్తే కప్పు వచ్చేస్తుందా? ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ఆశలు ఒకటి.. అసలు లెక్క ఇంకోటి!

విశాఖపట్నం: పెద్ద క్లబ్‌కి కొత్త మేనేజర్ వచ్చాడన్న వార్త ఫోన్‌లో పడితే చాలు.. వైజాగ్‌లో ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులకు ఆ రాత్రి నిద్ర ఉండదు. ఏ ఫార్మేషన్ ఆడిస్తాడు? ఎవర్ని కొంటాడు? ఎవర్ని బెంచ్ మీద కూర్చోబెడతాడు? ఆయన ఇంకా గ్రౌండ్‌లో అడుగు పెట్టకముందే ఇక్కడ టీమ్ రెడీ.

ఈ ఆత్రం అర్థం చేసుకోదగ్గదే. చలికాలంలో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ మన టైమ్ ప్రకారం రాత్రి ఒంటిగంటన్నరకు మొదలవుతుంది. పొద్దున్నే షిఫ్ట్ ఉన్నా మేలుకుని చూసేవాడికి రిజల్ట్ కూడా వెంటనే కావాలి కదా. అయితే కొత్త కోచ్ ఏం మార్చగలడు, ఏం మార్చలేడు అన్నది తెలుసుకోవడానికి మాంచెస్టర్ దాకా వెళ్లక్కర్లేదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ కథే చాలు.

అట్టడుగు నుంచి ట్రోఫీ దాకా

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఐఎస్ఎల్‌లోకి వచ్చింది. మొదటి సీజన్ ఘోరం. 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, టేబుల్‌లో ఆఖరి స్థానం. ఇంగ్లండ్ కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే, 2020 జనవరిలో పంపించేశారు. తర్వాతి సీజన్ కోసం ఆల్బర్ట్ రోకాను తీసుకున్నారు. పెద్ద పేరు, ఫ్యాన్స్ ఫుల్ ఖుషీ. తీరా చూస్తే ఆయన్ను బార్సిలోనా తీసుకెళ్లిపోయింది.

అప్పుడు, 2020 ఆగస్టు ఆఖర్లో, వచ్చిన పేరు మనోలో మార్క్వెజ్. స్పెయిన్ కోచ్. ఇక్కడ చాలామందికి ఎవరో కూడా తెలీదు.

మొదటి ఏడాది కప్పు రాలేదు. 20 మ్యాచ్‌ల్లో ఏకంగా 11 డ్రాలు. ఆఖరి మ్యాచ్‌లో గోవాపై గెలిచి ఉంటే ప్లేఆఫ్స్ దక్కేవి, అదీ 0-0 డ్రా అయ్యింది. ఐదో స్థానంతో సరి. ‘డ్రాల కోచ్’ అని పక్కన పెట్టేయడానికి ఇంతకంటే సాకు అక్కర్లేదు. క్లబ్ ఆ పని చేయలేదు. ఆకాష్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను ఆడిస్తూనే పోయాడు మనోలో. ముందు వరుసలో గోల్స్ కొట్టడానికి బార్తొలొమ్యూ ఒగ్బెచే వచ్చాడు.

2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం. ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడలా నిలబడ్డాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. ఒగ్బెచే ఆ సీజన్‌లో కొట్టిన గోల్స్ 18.

తర్వాతి సీజన్‌లోనూ లీగ్‌లో రెండో స్థానమే. అంటే రెండేళ్లలో అట్టడుగు జట్టు ఛాంపియన్ అయ్యింది. ఇక్కడిదాకా చదివితే ‘అంతా కోచ్ మహిమ’ అనిపిస్తుంది. అసలు సంగతి ఆ తర్వాత ఉంది.

జీతాలు ఆగితే కోచ్ ఏం చేస్తాడు?

2023లో మనోలో వెళ్లిపోయాడు. అదే సమయంలో క్లబ్ ఆర్థికంగా కుప్పకూలింది. ఆటగాళ్లకు జీతాలు అందలేదు. బకాయిల గొడవలతో కొత్త ప్లేయర్లను రిజిస్టర్ చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ సర్దుకుని వెళ్లిపోయారు. భారం మొత్తం కోచ్ తంగ్బోయి సింగ్టో మీద, మిగిలిన కుర్రాళ్ల మీద పడింది. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, 8 పాయింట్లు. మళ్లీ ఆఖరి స్థానం. సింగ్టో ప్లేస్‌లో గార్డియోలా ఉన్నా ఆ డ్రెస్సింగ్ రూమ్‌తో ఏం చేసేవాడో!

ఉక్కునగరం వాళ్లకైతే ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. స్టీల్ ప్లాంట్‌లో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లు ఉన్నాయి. సొంత ఇనుప ఖనిజం గనులు మాత్రం లేవు. ముడిసరుకుకు డబ్బులు లేని రోజుల్లో ఫర్నేస్ ఆగింది. సీఎండీ కుర్చీలో ఎవరున్నా బొగ్గు, ఖనిజం లేకుండా ఉక్కు రాదు.

ఒకే కోచ్.. రెండు రిజల్ట్స్

మనోలో కథలోనే ఇంకో మలుపు ఉంది. 2024 జులైలో ఆయన్ను ఇండియా టీమ్ కోచ్‌గా ప్రకటించారు. ఆ సీజన్ మొత్తం ఎఫ్‌సీ గోవాను, ఇండియాను ఆయనే చూసుకున్నాడు. గోవా 2025 మేలో సూపర్ కప్ గెలిచింది. ఇండియా మాత్రం ఆయన చేతిలో ఆడిన 8 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది, అదీ మాల్దీవులపై. 2025 జులైలో ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాడు.

అదే మనిషి, అదే బుర్ర, అదే ఏడాది. క్లబ్‌లో రోజూ ప్రాక్టీస్ చేయించే వీలుంది. నేషనల్ టీమ్‌కి దొరికేది మ్యాచ్ ముందు కొద్ది రోజులు. కోచ్ పని మైదానంలో పదేపదే చేయించే పని. టైమ్ లేకపోతే వైట్‌బోర్డ్ మీద గీసిన బాణాలు అక్కడే ఉండిపోతాయి.

మొదటి నాలుగు గెలుపులు నమ్మొచ్చా?

కొత్త కోచ్ రాగానే జట్టు వరసగా గెలవడం చాలాసార్లు చూస్తాం. ‘చూశావా, మనోడు వచ్చాడు, మార్చేశాడు’ అంటాం. ఇందులో ఒక చిక్కు ఉంది. కోచ్‌ను తీసేసేది జట్టు మరీ అధ్వానంగా ఉన్నప్పుడే. బంతి పోస్ట్‌కి తగలడం, గాయాలు, రెడ్ కార్డులు.. ఇలాంటి దురదృష్టం ఎల్లకాలం ఉండదు. అది తగ్గేసరికి రిజల్ట్స్ వాటంతట అవే కొంత మెరుగవుతాయి. డచ్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన కోచ్ మార్పులను ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ పరిశీలించారు. కోచ్‌ను మార్చిన జట్లు కోలుకున్నాయి. అంతే దారుణంగా ఆడినా పాత కోచ్‌నే ఉంచుకున్న జట్లూ దాదాపు అలాగే కోలుకున్నాయి!

అందుకే మొదటి నెలలో స్కోర్లకంటే వేరే విషయాలు చూడటం మేలు. బంతి పోయాక ఎంత త్వరగా వెంటపడుతున్నారు? 75వ నిమిషం దాటాక కాళ్లు ఆడుతున్నాయా? గత సీజన్‌లో బెంచ్‌కే పరిమితమైన కుర్రాడికి ఛాన్స్ వచ్చిందా? ఇవి కోచ్ చేతిలో ఉన్నవి. ట్రాన్స్‌ఫర్ బడ్జెట్, జీతాలు మాత్రం ఓనర్ చేతిలోవి. మన ఫ్యాన్స్ తిట్టేది మాత్రం మొదటాయన్నే, ఎందుకంటే మ్యాచ్ తర్వాత కెమెరా ముందు కూర్చునేది ఆయనే.

ఇక యునైటెడ్ ఫ్యాన్స్ ఎప్పుడూ చెప్పే ఫెర్గూసన్ ఉదాహరణ ఉండనే ఉంది. 1986 నవంబర్‌లో వచ్చాడు, మొదటి ట్రోఫీ 1990లో. నిజమే. కానీ ఓపిక పట్టిన ప్రతి క్లబ్‌కీ ఫెర్గూసన్ దొరకలేదు, ఆ మాట ఎవరూ చెప్పరు.

వైజాగ్‌కి సొంత క్లబ్ ఏదీ?

2020 ఆగస్టులో ఏఐఎఫ్ఎఫ్ ఐ-లీగ్‌లోకి ఓకే చేసిన కొత్త క్లబ్‌ల్లో ఒకటి విశాఖపట్నం పేరు మీదే ఉంది.. శ్రీనిధి. 2021-22లో బరిలోకి దిగేసరికి అది శ్రీనిధి డెక్కన్ అయ్యింది, అడ్డా హైదరాబాద్ అయ్యింది. పోర్చుగల్ కోచ్ కార్లోస్ వాజ్ పింటో 2022లో వచ్చాక ఆ సీజన్‌లో రన్నరప్, 2023-24లోనూ జట్టుకు అదే స్థానం. ఐఎస్ఎల్‌కి ప్రమోషన్ మాత్రం ఛాంపియన్‌కే. ఒకసారి పంజాబ్, ఇంకోసారి మొహమ్మదన్ స్పోర్టింగ్ ఆ టికెట్ పట్టుకెళ్లాయి.

హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి తెలిసిందే. కొత్త యాజమాన్యం 2025లో జట్టును ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. అక్కడి కొత్త కోచ్ మీద ఆశలు పెట్టుకునే పని ఇప్పుడు ఢిల్లీ ఫ్యాన్స్‌ది.