అబ్బా కెమెరాని పాత సామాన్లలో వేసే ముందు

మా అబ్బా జెద్దాలో పనిచేసే రోజుల్లో కొన్న కెమెరా ఒకటి మా ఇంట్లో ఉంది. కెనాన్ ఏఈ-1. మా ఖాలా నికాహ్, మా చిన్నప్పటి ఈద్ ఫొటోలు అన్నీ దాంతో తీసినవే. చాలా ఏళ్లుగా బీరువాలో పడి ఉంది. మొన్న తమ్ముడు దాన్ని ఒక దుకాణానికి తీసుకెళ్తే, బటన్ నొక్కి చూసి "షట్టర్ పోయింది, షోకేసులో పెట్టుకోండి" అన్నారట. తీరా చూస్తే పోయింది షట్టర్ కాదు, సెల్లు! కొత్త సెల్లు వేయగానే టక్కుమంది.

మన ఇళ్లలో చాలామంది దగ్గర గల్ఫ్ నుంచి వచ్చిన ఇలాంటి కెమెరాలు ఉన్నాయి. పారేసే ముందు, అమ్మే ముందు, రిపేరుకి ఇచ్చే ముందు కొన్ని విషయాలు తెలుసుకుంటే మంచిది.

సెల్లుతో నడిచేవి, సెల్లు లేకున్నా నడిచేవి

ఎస్ఎల్ఆర్ అంటే లెన్స్‌లోంచి వచ్చే దృశ్యాన్నే లోపలి అద్దం మనకి చూపించే కెమెరా. ఇందులో రెండు రకాలు. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 లాంటి వాటిలో షట్టర్ స్ప్రింగులు, పళ్ల చక్రాలతో నడుస్తుంది. వాటికి సెల్లు కావాల్సింది వెలుతురు కొలిచే మీటర్‌కి మాత్రమే. సెల్లు అయిపోయినా ఫొటో తీయొచ్చు. రష్యన్ జెనిట్-ఇ మీటర్‌కైతే సెల్లు కూడా అక్కర్లేదు, వెలుతురుతోనే పనిచేస్తుంది.

1976లో వచ్చిన కెనాన్ ఏఈ-1 వేరే రకం. దాని షట్టర్ ఎలక్ట్రానిక్. 6 వోల్టుల 4ఎల్ఆర్44 సెల్లు లేకపోతే బటన్ నొక్కినా కదలదు. అందుకే ముందు సెల్లు మార్చి చూడండి. సెల్లు గది మూత ప్లాస్టిక్‌ది, తొందరపడితే విరిగిపోతుంది. లోపల పచ్చగా, తెల్లగా చిలుము పట్టి ఉంటే, దూది పుల్లకి కాస్త వెనిగర్ అద్ది తుడిచి ఆరనివ్వండి.

ఏది మేలు అంటే, కొత్తగా కొనేవాళ్లకి మెకానికల్ కెమెరానే నయం. చేయి తిరిగిన మెకానిక్ దాన్ని విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి నిలబెట్టగలడు. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ కాలిపోతే మాత్రం పాడైన మరో కెమెరా నుంచి భాగం తెచ్చి వేయాల్సిందే. వేగంలోనూ తేడా ఉంది. జెనిట్-ఇ సెకనులో 500వ వంతు దాకా, కె1000 వెయ్యో వంతు దాకా, ఎఫ్ఎం2 నాలుగువేలవ వంతు దాకా పోతాయి. కానీ ఇంటి ఫొటోలకి వెయ్యో వంతు చాలు.

ఇంట్లోనే పరీక్ష

వెనక మూత తెరిచే ముందు, రీలు వెనక్కి చుట్టే పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. బిగుతుగా తగిలితే లోపల రీలు ఉన్నట్టే. మూత తెరవొద్దు! అందులో ఎవరి ఫొటోలు ఉన్నాయో ఎవరికి తెలుసు? కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, రీలు పూర్తిగా చుట్టాకే తెరవండి.

రీలు లేకపోతే మూత తెరిచి, షట్టర్ వేగాన్ని 1 సెకను మీద పెట్టి నొక్కండి. రెండు సెకన్లు తెరిచి ఉందంటే లోపలి గ్రీజు గట్టిపడిందని అర్థం. సర్వీసింగ్‌తో సరిపోవచ్చు. షట్టర్ తెరని వేలితో ముట్టుకోవద్దు. అద్దాన్ని గుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి. అద్దం మీద దుమ్ము ఫొటోలో కనిపించదు, గాలి ఊదే బుడ్డితో ఊదితే చాలు. మూత అంచుల్లో ఫోమ్ జిగురుగా, నల్లగా కరిగి ఉంటే వెలుతురు లోపలికి దూరి ఫొటో పాడవుతుంది. కొత్త ఫోమ్ వేయించడం చిన్న పనే.

ఏఈ-1 నొక్కినప్పుడు కుయ్యిమని దగ్గినట్టు శబ్దం వస్తే, అద్దాన్ని కదిలించే భాగాల్లో నూనె ఎండిపోయిందన్నమాట. సరైన చోట ఒక చుక్క చాలు, కానీ అది మెకానిక్ పని. తుప్పు వదిలించే స్ప్రే మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు. అది పాకి షట్టర్‌కీ లెన్స్‌కీ చేటు చేస్తుంది.

లెన్స్‌కి అసలు శత్రువు

మన వానాకాలపు తేమలో లెన్స్‌కి ఫంగస్ పడుతుంది. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి మొబైల్ టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అదే. మొదట్లోనే శుభ్రం చేయిస్తే పోతుంది. ఆలస్యమైతే గాజు పైపూతని తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. తోలు సంచి తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి కెమెరాని అందులో దాచొద్దు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

కెమెరా బాడీ పోయినా మంచి లెన్స్‌ని పారేయకండి. పాత కెనాన్ ఎఫ్‌డీ లెన్స్ కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కి నేరుగా పట్టదు. అదే మిర్రర్‌లెస్ కెమెరాకైతే చిన్న అడాప్టర్‌తో పడుతుంది. ఫోకస్ మాత్రం చేత్తో చేసుకోవాలి.

మొదటి రీలు

రీలు వేశాక లివర్ లాగినప్పుడు, చుట్టే పిడి కూడా తిరుగుతోందా చూడండి. తిరగకపోతే రీలు పట్టుకోలేదు, 36 ఫొటోలూ గాల్లో తీసినట్టే. మీటర్ పనిచేయకపోతే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: మంచి ఎండలో అపర్చర్ 16, వేగం ఫిల్మ్ ఐఎస్ఓకి దగ్గరి అంకె. 200 ఫిల్మ్‌కి 250వ వంతు. మొదటి రీలుని పెళ్లిలో కాదు, ఇంటి ముంగిట పరీక్షించండి. ల్యాబ్ నుంచి నెగెటివ్‌లు తప్పకుండా వెనక్కి అడగండి.

మా ఇంట్లో ఆ మొదటి రీలు వేసింది అబ్బానే. చత్వారం వచ్చినా చేతులు మాత్రం మర్చిపోలేదు. మీ ఇంట్లో కూడా ఆ పని పెద్దవాళ్లకే ఇచ్చి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి.