కుక్కలను ప్రేమించేవారికి ఏ కానుక ఇవ్వాలి? పుస్తకమా, మెడపట్టీయా, కుక్కపిల్లా?

సత్యజిత్ రాయ్ బెంగాలీలో రాసిన ‘అసమంజబాబు కుక్క’ అనే కథలో ఒక చిత్రమైన కుక్క ఉంటుంది. దాని పేరు బ్రౌనీ. అది మనుషుల్లా నవ్వుతుంది. కలకత్తాలో ఒంటరిగా జీవించే చిరుద్యోగి అసమంజబాబు దానిని చవకగా కొని తెచ్చుకుంటాడు. నవ్వే కుక్క సంగతి పత్రికలకెక్కడంతో ఒక అమెరికా ధనికుడు వచ్చి, వేల డాలర్లు ఇస్తానంటూ చెక్కు పుస్తకం తీస్తాడు. సరిగ్గా అప్పుడే బ్రౌనీ నవ్వుతుంది. డబ్బుతో దొరకనిదేదీ లేదని ఆ పెద్దమనిషి అనుకుంటున్నందుకే అది నవ్విందని అసమంజబాబు గ్రహిస్తాడు. బేరం అక్కడితో ముగుస్తుంది.

కుక్కను ప్రాణంగా చూసుకునే మిత్రుడికో, బంధువుకో పుట్టినరోజు కానుక కొనాలని బయలుదేరేవారు ముందుగా ఈ కథను తలచుకోవడం మంచిది. బజారులోనూ ఆన్‌లైన్ దుకాణాల్లోనూ వస్తువులకు కొదవ లేదు. ఎముక ఆకారపు దిండ్లు, పేరు చెక్కిన గిన్నెలు, కుక్కకు తొడిగే కోట్లు, పాదముద్రలు అచ్చువేసిన కప్పులు కొల్లలుగా దొరుకుతాయి. వాటిలో చాలావరకు చూసేవారి ముచ్చట కోసం తయారైనవే. కుక్కకు పనికివచ్చేవి, దానిని పెంచేవారి మనసుకు దగ్గరగా ఉండేవి వేరే ఉన్నాయి.

కుక్కపిల్లను కానుకగా ఇవ్వవచ్చా?

చాలామందికి మొదట తట్టే ఆలోచన ఇదే. బుట్టలో రిబ్బను కట్టిన కుక్కపిల్లను చూసి ఇంట్లో పిల్లలు కేరింతలు కొట్టే దృశ్యం సినిమాల్లో అందంగానే ఉంటుంది. కానీ కుక్క సాధారణంగా 10 నుంచి 13 ఏళ్లు బతుకుతుంది. అంటే ఆ కానుక అందుకున్న వ్యక్తి చదువు, ఉద్యోగం, పెళ్లి, బదిలీ, అద్దె ఇల్లు వంటివన్నీ అంతకాలం ఆ ప్రాణితో ముడిపడిపోతాయి. ఇంటి యజమాని ఒప్పుకుంటాడా? పగలంతా ఇంట్లో ఎవరుంటారు? ఊరికి వెళ్లినప్పుడు ఎవరు చూసుకుంటారు? ఈ ప్రశ్నలకు సమాధానం ఇవ్వవలసింది కుక్కను పెంచబోయేవారే గాని, కానుక ఇచ్చేవారు కాదు. అడగకుండా తెచ్చిపెట్టిన కుక్కపిల్ల పెద్దదై, మొదటి ముచ్చట తీరిన తరువాత ఏదో ఒక వీధి చివర తేలడం మన నగరాల్లో అరుదైన విషయమేమీ కాదు.

జాతి ఎంపిక మరో చిక్కు. 2000 దశకంలో ఒక మొబైల్ సంస్థ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్ దేశమంతటికీ ముద్దు వచ్చింది. ముక్కు చప్పిడిగా ఉండే ఈ జాతికి ఊపిరి తీసుకోవడమే ఒక శ్రమ అనీ, ఎండాకాలం దానికి గండమనీ తెలియకుండానే ఎందరో దానిని కొన్నారు. మంచు ప్రాంతాల కోసం పుట్టిన హస్కీని హైదరాబాద్ ఎండలో పెంచడమూ అలాంటిదే.

ఇక నిబంధనల విషయం. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన శునకాల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం కుక్కలను పునరుత్పత్తి చేయించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు. తల్లి పాలు, తోబుట్టువులతో ఆట ఆ వయసులో కుక్కపిల్లకు ఎంతో అవసరం. వాణిజ్య పెంపకశాలల్లో జరిగే అక్రమాలను 2022లో వచ్చిన కన్నడ చిత్రం ‘777 చార్లీ’ ఇంటింటి చర్చగా మార్చింది. తెలుగులోనూ విడుదలైన ఆ చిత్రాన్ని చూసినవారు, పెంపుడు కుక్కను కొనే ముందు దాని తల్లి ఎలాంటి స్థితిలో ఉందోనని ఒక్కసారైనా ఆలోచించి ఉంటారు.

మనసుకు హత్తుకునే పుస్తకాలు

పుస్తకాన్ని కానుకగా ఇవ్వాలనుకునేవారు ముందుగా ఒక సంగతి గమనించాలి. కుక్కల గురించిన ప్రసిద్ధ పుస్తకాలలో చాలావాటిలో చివరకు కుక్క చనిపోతుంది. అమెరికా పాత్రికేయుడు జాన్ గ్రోగన్ 2005లో ప్రచురించిన ‘మార్లీ అండ్ మీ’ అందుకు పేరుపొందిన ఉదాహరణ. ఇల్లంతా చిందరవందర చేసే ఒక అల్లరి లాబ్రడార్‌తో ఆ కుటుంబం గడిపిన సంవత్సరాల కథ అది. మొదటి సగం కడుపుబ్బ నవ్విస్తుంది, చివరి అధ్యాయాలు అంతకంత ఏడిపిస్తాయి. ఈమధ్యే తమ కుక్కను పోగొట్టుకున్నవారి చేతికి దానిని ఇవ్వకపోవడమే మేలు.

అలాంటి దిగులు లేని పుస్తకం కావాలంటే జాన్ స్టైన్‌బెక్ రాసిన ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ ఉంది. 1960లో 58 ఏళ్ల వయసున్న ఆ రచయిత, చార్లీ అనే పూడుల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక చిన్న ట్రక్కులో అమెరికాను చుట్టి వచ్చాడు. ఆ ట్రక్కుకు డాన్ క్విక్సోట్ గుర్రం పేరు పెట్టుకున్నాడు. 1962లో ఆ పుస్తకం వెలువడింది, అదే సంవత్సరం ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. కొత్త ఊళ్లో అపరిచితులతో మాట కలపడానికి కుక్కను మించిన రాయబారి లేదని ఆ ప్రయాణం చెబుతుంది. ఉదయం పార్కులో కుక్కను తిప్పే ప్రతివారికీ ఇది అనుభవమే. ఎదుటివారి పేరు తెలియకపోయినా వారి కుక్క పేరు తెలిసే ఉంటుంది.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పశువైద్యుడిగా పనిచేసిన జేమ్స్ ఆల్‌ఫ్రెడ్ వైట్, జేమ్స్ హెరియట్ అనే కలం పేరుతో రాసిన కథలు మరో రకమైనవి. కుక్కలకు సంబంధించిన కథలను ఏర్చి కూర్చిన ఆయన సంపుటం కూడా ఉంది. పడుకోబోయే ముందు రోజుకు ఒకటి చొప్పున చదువుకోదగినవి. పెద్దవాళ్లకు కానుకగా ఇవ్వడానికి ఇంతకంటే మెత్తని పుస్తకం దొరకడం కష్టం.

కుక్కను ప్రేమించడంతో తృప్తి పడక, దానిని అర్థం చేసుకోవాలనుకునేవారికి అలెగ్జాండ్రా హోరోవిట్జ్ రాసిన ‘ఇన్‌సైడ్ ఆఫ్ ఎ డాగ్’ (2009) తగినది. ముక్కుతో ప్రపంచాన్ని చదివే ప్రాణికి వీధి ఎలా కనిపిస్తుందో ఆమె వివరిస్తారు. తప్పు చేసినట్టు తలవంచి చూసే కుక్క చూపు మీద ఆమె చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ చూపుకు సంబంధం లేదనీ, యజమాని గద్దింపుకు అది ఇచ్చే స్పందన మాత్రమేననీ ఆ ప్రయోగంలో తేలింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎన్నో ఇళ్లలో కుక్కలకు అనవసరపు చీవాట్లు తప్పుతాయి.

మన దేశపు కుక్కల గురించి ఎస్. థియడోర్ భాస్కరన్ 2017లో వెలువరించిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ డాగ్స్’ విలువైన గ్రంథం. తమిళ సినిమా చరిత్రకారుడిగా, ప్రకృతి ప్రేమికుడిగా పేరొందిన ఆయన తపాలా శాఖలో ఉన్నతాధికారిగా పదవీ విరమణ చేశారు. ఆ తపాలా శాఖే 2005లో హిమాలయన్ షీప్‌డాగ్, ముధోల్, రాజపాళయం, రాంపూర్ జాతుల మీద నాలుగు స్టాంపులను విడుదల చేసింది. స్టాంపులు సేకరించే శునకప్రియులకు ఆ నాలుగింటినీ ఒక చట్రంలో బిగించి ఇస్తే అంతకంటే ఆనందం ఉండదు. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ రేడియో ప్రసంగంలో దేశీయ జాతులను పెంచుకోవాలని కోరిన తరువాత వీటి మీద ఆసక్తి మరింత పెరిగింది.

భారతీయ కథల్లో కుక్కకు దక్కిన అత్యంత గాఢమైన చోటు బహుశా ప్రేమ్‌చంద్ రాసిన ‘పూస్ కీ రాత్’ కావచ్చు. కంబళి కొనుక్కుందామని దాచుకున్న డబ్బు అప్పుకింద పోగా, చలికి వణుకుతూ పొలం కాసే రైతు హల్కూ, తన కుక్క జబ్రాను ఒడిలోకి తీసుకుని వెచ్చదనం వెతుక్కుంటాడు. వారిద్దరి మధ్య పేదరికం తప్ప ఇచ్చిపుచ్చుకునేదేమీ లేదు. ప్రేమ్‌చంద్ కథలు తెలుగులోకి ఏనాడో వచ్చాయి గనుక ఇంట్లో పెద్దలకు కూడా ఇవ్వవచ్చు.

తెలుగు పాఠకులకు ఇంకా దగ్గర దారి భారతమే. నన్నయ ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ముళ్లు ఒక కుక్కపిల్లను అకారణంగా కొడతారు. దాని తల్లి సరమ నేరుగా రాజు ఎదుటికి వచ్చి నిలదీస్తుంది. అంత పెద్ద ఇతిహాసపు మొదటి ఘట్టాలలో ఒకటి, నోరులేని ప్రాణికి జరిగిన అన్యాయం గురించినది కావడం గమనించదగినది. చివర మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట మిగిలినది కూడా ఒక కుక్కే. దానిని వదిలి స్వర్గానికి రానని ఆయన ఇంద్రుడితో అంటాడు. తిరుమల తిరుపతి దేవస్థానాలు తాత్పర్యంతో ప్రచురించిన కవిత్రయ భారతంలో ఈ రెండు ఘట్టాల వద్ద గుర్తుగా రిబ్బను ఉంచి ఇస్తే, ఆ కానుకను తెలుగు చదివే ఏ శునకప్రియుడూ మరచిపోడు.

పిల్లలకైతే హచికో కథ ఉంది. 1923లో జపాన్‌లో పుట్టిన ఈ అకిటా జాతి కుక్క, 1925లో తన యజమాని ప్రొఫెసర్ ఉయెనో హఠాత్తుగా మరణించిన తరువాత, 1935లో తాను కన్నుమూసే వరకు టోక్యోలోని షిబుయా స్టేషన్ వద్ద ఆయన కోసం ఎదురుచూసింది. పమేలా టర్నర్ రాసిన బొమ్మల పుస్తకం ఈ కథను చిన్నపిల్లలకు తగినట్టు చెబుతుంది. తెలుగులోనే చదివించాలనుకునేవారు ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’ వేదికలో ఉచితంగా దొరికే బొమ్మల కథలను చూడవచ్చు. నచ్చిన కథను ముద్రించి, కుట్టి, మొదటి పేజీలో ఇంటి కుక్క ఫోటో అంటిస్తే ఖర్చు లేని కానుక సిద్ధమవుతుంది.

కుక్కకు నిజంగా ఏం కావాలి?

తినుబండారాలు ఇచ్చేవారు జాగ్రత్త వహించాలి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్కలకు విషం. ద్రాక్ష, ఎండుద్రాక్ష వాటి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. మన పాయసంలోనూ లడ్డూలోనూ ఎండుద్రాక్ష ఉంటుందని పండుగ సందడిలో ఎవరికీ గుర్తుండదు. ఉల్లి, వెల్లుల్లి, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కూడా హానికరమే. ఉడికించిన ఎముకలు పుల్లల్లా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

మెడపట్టీ, గొలుసు కొనేటప్పుడు మెడ కొలత తెలుసుకోవడం అవసరం. పగ్ వంటి జాతులకు మెడ మీద ఒత్తిడి పడని ఛాతీపట్టీ మేలు. మన వాతావరణంలో ఉన్ని కోట్లకంటే చల్లని నీళ్లు నిలిచే మట్టి తొట్టి ఎక్కువ పనికివస్తుంది. అన్నిటికంటే ఉపయోగపడేది, కొంచెం నీరసంగా వినిపించినా, పశువైద్యుడి ఖర్చు. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా మొదలవుతుంది, తరువాత వైద్యుడు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయించాలి. మనుషులకు సోకే రేబిస్ కేసుల్లో 99 శాతం వరకు కుక్క కాటు వల్లనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక ఏడాది టీకాల ఖర్చు భరిస్తానని కవరులో రాసి ఇవ్వడం ఆ ఇంటికే కాదు, ఇరుగుపొరుగుకూ ఇచ్చే కానుక.

వీధికుక్కలను చేరదీసే మిత్రులకు

పుణెకు చెందిన యువ ఇంజనీరు శంతను నాయుడు, రాత్రిపూట వాహనాల కింద పడి వీధికుక్కలు చనిపోవడం చూసి, దీపాల వెలుగుకు మెరిసే మెడపట్టీలు తయారు చేశాడు. ఆ పని రతన్ టాటా దృష్టికి రావడం, వారిద్దరి మధ్య తరాల తేడా మరపించే స్నేహం చిగురించడం 2021లో వెలువడిన ‘ఐ కేమ్ అపాన్ ఎ లైట్‌హౌస్’ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం, దానికి తోడుగా అలాంటి మెరిసే పట్టీలు ఒక పది కలిపి ఇస్తే, రోజూ వీధికుక్కలకు అన్నం పెట్టేవారు ఎంతో సంతోషిస్తారు.

అయితే ఈ ప్రేమకు మరో వైపు కూడా ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించాడు. అలాంటి ఘటనలు జరిగిన చోట కుక్కల పట్ల భయం సహజం. అదే సంవత్సరం వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు, పిల్లలు ఆడుకునే చోట్లకు, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా ఆహారం పెట్టే స్థలాలు గుర్తించాలని చెబుతున్నాయి. కనుక వీధికుక్కలకు మేలు చేయాలనుకునేవారు బిస్కెట్ డబ్బాకంటే, ఒక కుక్కకు టీకా, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించే ఖర్చును కానుకగా ఇవ్వడం సరైన ఎంపిక. 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలకు మిత్రుడి పేరు మీద విరాళం ఇవ్వడం ఇంకో మార్గం.

కుక్కను కోల్పోయినవారికి

ఇది అన్నిటికంటే కష్టమైన సందర్భం. పన్నెండేళ్లు గుమ్మంలో ఎదురువచ్చిన ప్రాణి పోయినప్పుడు సెలవు అడగడానికి కూడా మొహమాటపడాలి. ‘కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకో’ అనే మాట ఓదార్పుగా చెప్పినా గాయంలాగే తగులుతుంది. అలాంటి సమయంలో వెంటనే మరో కుక్కపిల్లను తెచ్చి ఇవ్వడం పొరపాటు. ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్న ఫోటోలను, దానిని ఎరిగిన బంధుమిత్రులందరి నుంచీ అడిగి తీసుకుని, అచ్చువేయించి ఒక ఆల్బంగా కూర్చి ఇవ్వవచ్చు. ఇంటివారు ఎప్పుడూ చూడని ఫోటో ఒక్కటైనా అందులో దొరుకుతుంది. కుక్క పేరు పలకడానికి వెనుకాడకుండా, దాని అల్లరి సంగతి ఒకటి గుర్తు చేస్తూ చేత్తో రాసిన ఉత్తరం జతచేస్తే ఇంకా మంచిది.

కొన్ని నెలలకో, ఏడాదికో వారే మళ్లీ ఒక కుక్కను తెచ్చుకోవాలని అంటే, దుకాణానికి బదులు ఏదైనా సంరక్షణ కేంద్రానికి తోడుగా వెళ్లవచ్చు. ఎంచుకోవడం వారికే వదిలేసి పక్కన నిలబడితే చాలు. తిరుగు ప్రయాణంలో కారు వెనుక సీటు మీద పరచడానికి ఒక పాత దుప్పటి, ఒక నీళ్ల సీసా తీసుకువెళ్లడం మరవకూడదు.