ప్రింటరు ఇంట్లోనే ఉంది, చిరునామా మారింది!

రేపే పరీక్ష. హాల్‌టికెట్టు అచ్చు తీసుకోవాలని మీరు కంప్యూటరు ముందు కూర్చున్నారు. మీట నొక్కారు. పక్కగదిలోని ప్రింటరు ఉలకదు, పలకదు. 'ప్రింటరు ఆఫ్‌లైన్‌లో ఉంది' అని తెరమీద కనపడింది. వెళ్లి చూస్తే దాని దీపం వెలుగుతూనే ఉంది. కాగితాలున్నాయి, సిరా ఉంది. నిన్నటిదాకా చక్కగా పనిచేసింది కూడా!

ఇంతలో అక్క తన ఫోనులో నొక్కింది. అదే ప్రింటరు గరగరమంటూ హాల్‌టికెట్టును బయటకు తోసింది. కంప్యూటరుకు కనపడని ప్రింటరు ఫోనుకెలా కనపడింది? ఈ చిక్కుముడి విప్పుదాం, రండి.

ఇంటి తపాలా ఆఫీసు

మీ కంప్యూటరుకూ ప్రింటరుకూ మధ్య తీగ లేదు. రెండూ రూటరు అనే చిన్న పెట్టెతో రేడియో తరంగాల ద్వారా మాట్లాడతాయి. సాధారణంగా వాడే ఒక రకం తరంగాలు సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు కంపిస్తాయి. వాటి పొడవు దాదాపు 12.5 సెంటీమీటర్లు. అంటే మీ జానెడు కంటే తక్కువే! కంప్యూటరు, ప్రింటరు పక్కపక్కనే ఉన్నా సమాచారం ముందు రూటరుకు వెళ్లి, అక్కడి నుంచి ప్రింటరుకు చేరుతుంది. పక్కవీధికి రాసిన ఉత్తరం కూడా తపాలా ఆఫీసుకు వెళ్లే కదా వస్తుంది!

సమాచారమంతా ఒక్కసారిగా పోదు. ముక్కలై పోతుంది. ఒక్కో ముక్కలో సుమారు 1500 బైట్లు పడతాయి. 30 లక్షల బైట్ల ఫొటో అయితే దాదాపు 2000 ముక్కలన్నమాట. ప్రతి ముక్క మీదా చిరునామా ఉంటుంది.

ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడితే? ఈ ప్రశ్న హవాయి దీవులలో రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపిన నార్మన్ అబ్రామ్సన్ బృందానికి 1971లోనే ఎదురయింది. రెండు సందేశాలు ఢీకొంటే, రెండూ కొంతసేపు ఆగి మళ్లీ పంపాలి. ఆగే కాలం ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉండాలి. అదీ వారి ఉపాయం. దాన్ని మెరుగుపరచి, 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ తీగలతో 'ఈథర్‌నెట్'ను రూపొందించారు. ఎందుకో తెలుసా? అక్కడ గ్యారీ స్టార్క్‌వెదర్ తయారుచేసిన లేజర్ ప్రింటరును అనేక కంప్యూటర్లు పంచుకోవాలన్నది ముఖ్యమైన కారణాలలో ఒకటి. చూశారా! ఒక ప్రింటరును నలుగురూ వాడుకోవాలన్న కోరిక అంత పాతది.

అద్దె చిరునామాలు

ఇంట్లోని ప్రతి యంత్రానికీ 192.168.1.7 లాంటి చిరునామా ఉంటుంది. ఇందులో నాలుగు సంఖ్యలున్నాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపే ఉంటుంది. ఈ చిరునామా యంత్రానికి సొంతం కాదు. రూటరు దాన్ని కొంతకాలానికి అద్దెకిస్తుంది. ఇలా ఇచ్చే పద్ధతికి డి.హెచ్.సి.పి. అని పేరు. దాని నియమాలు 1993లో వెలువడ్డాయి.

ఇప్పుడు చిక్కుముడి విడిపోతుంది. రాత్రి కరెంటు పోయింది. రూటరు ఆగి మళ్లీ మొదలయింది. చాలా ఇళ్లలోని రూటర్లు అప్పుడు పాత పట్టీని మరచిపోయి చిరునామాలను కొత్తగా పంచిపెడతాయి. నిన్నటిదాకా ప్రింటరుకున్న 7వ నంబరు ఈసారి నాన్నగారి ఫోనుకు దక్కింది. ప్రింటరుకు 12 వచ్చింది. మీ కంప్యూటరు మాత్రం 'ప్రింటరు అంటే 7' అని ఏనాడో రాసిపెట్టుకుంది. అది పంపిన ఉత్తరం నాన్నగారి ఫోను గుమ్మం ముందు నిలబడింది. అచ్చు వేయడం ఫోనుకు తెలియదు కదా!

మరి అక్క ఫోను? అది నంబరు గుర్తుపెట్టుకోలేదు. 'ఇక్కడ ప్రింటర్లెవరైనా ఉన్నారా?' అని ఇంటిలోని యంత్రాలన్నిటినీ పిలిచి అడిగింది. 'నేనున్నాను, నా నంబరు 12' అని ప్రింటరు బదులు పలికింది. అంతే!

చికిత్స ఏమిటి?

ప్రతి యంత్రంలోనూ తయారీలోనే వేసిన మరో సంఖ్య ఉంటుంది. అది మనిషి వేలిముద్ర లాంటిది. 'ఈ వేలిముద్ర గల ప్రింటరుకు ఎప్పుడూ 50 నంబరే ఇవ్వు' అని రూటరుకు చెప్పి ఉంచవచ్చు. కంప్యూటరులో కూడా 50 అని ఒక్కసారి మార్చితే చాలు. ఇక కరెంటు ఎన్నిసార్లు పోయినా చిక్కు లేదు. రూటరు అమరికలు మార్చేముందు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.

మీరే చేసి చూడండి

ప్రింటరు అమరికలలో దాని చిరునామా ఉంటుంది. ఫోను వైఫై అమరికలలో ఫోను చిరునామా ఉంటుంది. రెండూ కాగితం మీద రాసి పోల్చండి. మామూలుగా ఇళ్లలో మొదటి మూడు సంఖ్యలూ ఒకటిగానే ఉంటాయి. వీధి ఒకటే, ఇంటి నంబరు వేరు! ఇప్పుడు ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మాత్రమే ఉంచి అచ్చు తీయబోండి. ఫోను మీ చేతిలోనే ఉన్నా, వీధి మారిపోయింది. ప్రింటరు దొరకదు.

ఈసారి 'ఆఫ్‌లైన్' అన్న మాట కనపడితే ప్రింటరును తట్టకండి, కొట్టకండి. అది ఎక్కడికీ పోలేదు. దాని కొత్త చిరునామా ఏమిటో కనుక్కోండి!