ముడత పైకా, కిందికా?

'అక్కా, మా మిర్చి తోట ఆగమైంది. ఏం కొట్టాలె?'

మహబూబాబాద్ చుట్టుపక్కల ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మిరప పూతకొచ్చే రోజుల్లో ఇలాంటి కబుర్లు మామూలే. కింద ఓ ఫొటో కూడా ఉంటుంది. పొద్దుగూకాక గట్టు మీద నిలబడి తీసింది... అందులో పచ్చదనం తప్ప మరేం కనిపించదు. అయినా జవాబులకేం కొదవ! ఒకరు ఓ మందు పేరు చెబుతారు. ఇంకొకరు 'అది కాదు, ఇది కొట్టు' అంటారు. మూడోవారు రెండూ కలిపి కొట్టమంటారు. చివరికి డబ్బూ పోతుంది, ముడతా పోదు.

తప్పంతా చెప్పినవాళ్లదేనా? అడిగిన తీరులోనూ కొంత ఉంది.

మిరపాకు ముడిచిందంటే సరిపోదు. ఎటు ముడిచిందో చెప్పాలి. అంచులు పైకి లేచి దోనెలా ఉంటే సాధారణంగా తామర పురుగుల పని. కిందికి వంగి, బోర్లించిన దోనెలా ఉంటే నల్లి. ఆకులు చిన్నవై మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కావచ్చు. తామర పురుగు మందులన్నీ నల్లిని చంపవు. వైరస్ సోకిన మొక్కని బాగుచేసే మందు అసలు లేనేలేదు. 'పైకా, కిందికా' అన్న ఒక్క మాట ఎంత ఖర్చు తప్పిస్తుందో చూడండి!

2021 సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ఆ ఏడు మిరప మీద నల్ల తామర పురుగు పడింది. మనదేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఇది ఆకుల్లో కంటే పూలలో ఎక్కువగా చేరుతుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. కొత్త పురుగని తెలియక తెలిసిన మందులే మార్చి మార్చి కొట్టినవారెందరో. ఆ సీజనులో మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి మిరప రైతుల ఆత్మహత్యల వార్తలొచ్చాయి. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి సన్న పురుగులు రాలతాయి. కబురు పెట్టేముందు ఈ పని చేస్తే చాలు, చదివినవాళ్లకి సగం సంగతి తెలిసిపోతుంది.

ఇక మన సంగతి. కలుపు తీసేది ఆడవాళ్లు, కాయ ఏరేది ఆడవాళ్లు. ఆకు కింద ఏముందో ముందుగా కంటపడేది వాళ్లకే. మందుల దుకాణంలో 'ఏమైందీ' అని అడిగితే జవాబు చెప్పేది మాత్రం చాలా ఇళ్లలో మగవాళ్లు! చూసినామె నోట రావలసిన మాట మరొకరి నోట వస్తే సగం జారిపోదూ? రాయడం రాకపోతే ఏం? ఫోనులో మాట్లాడి గొంతే పంపొచ్చు. 'నాకేం తెలుసు' అనుకోకండి.

'నారు నాటి అరవై రోజులైంది. నల్లరేగడి, ఎకరం. పది రోజుల సంది మధ్య సాళ్లల్ల చిగురాకులు పైకి ముడుస్తున్నయ్. వారం కింద ఫలానా మందు ట్యాంకుకు ఇంత కొట్టినం, తగ్గలే. పూత దులిపి చూసినం, పురుగు లేదు.' ఇలా చెబితే జవాబిచ్చేవారికి ఊహించే పని తప్పుతుంది. ముందు కొట్టిన మందు దాచకండి. అప్పు చేసి తెచ్చామనో, ఎవరేమంటారోననో చాలామంది ఆ ముక్క మింగేస్తారు. ఫొటో పగటి వెలుతురులో తీయండి. మొక్క మొత్తం ఒకటి, ఆకు పైభాగం, అడుగుభాగం, పువ్వు... పక్కన రూపాయి బిళ్ల పెడితే పురుగు ఎంతుందో తెలుస్తుంది.

జనగామ వైపు పత్తి వేసేవారికీ ఇదే పద్ధతి. 'ఆకు ఎర్రబడింది' అంటే ఎవరికేం అర్థమవుతుంది? కింది ముదురాకులు ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో ఎర్రబడితే మెగ్నీషియం లోపం కావచ్చు. అంచులు ఎర్రబడి కిందికి ముడిస్తే పచ్చదోమని అనుమానించాలి. ఒకటి ఎరువుతో పోయేది, మరొకటి పురుగు.

గ్రూపులో ఎవరో చెప్పిన మందుని ఆ పూటే కొనకండి. మీ వ్యవసాయ విస్తరణ అధికారిని గానీ, మహబూబాబాద్ జిల్లావారైతే మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగండి. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. అక్కడా అవే ప్రశ్నలు వేస్తారు కాబట్టి వివరాలు ఓ కాగితం మీద రాసుకుని కూర్చోండి.

అన్నట్టు, గ్రూపులో మీ ప్రశ్న చూసి 'సాయం చేస్తా, ఈ యాప్ వేసుకో, వచ్చిన ఓటీపీ చెప్పు' అని విడిగా ఫోను చేసేవాడికి తోటతో పనేం ఉంటుంది? పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి చెప్పండి.

మందు కొట్టాక తగ్గిందో లేదో నాలుగైదు రోజులకి అదే గ్రూపులో పెట్టండి. తగ్గకపోయినా సరే, పెట్టండి. పక్క ఊళ్లో ఇంకొకామె అదే డబ్బా కొనబోతూ ఉండొచ్చు.