మీకు తెలుసా? వైన్ బిరడా మీద ఓ చిప్

2008లో న్యూయార్క్‌లో ఓ వేలానికి ఫ్రాన్స్‌లోని బుర్గుండీకి చెందిన పోన్సో సంస్థ పేరుతో 1945 నాటి క్లో సాం దెనీ వైన్ సీసాలు వచ్చాయి. పోన్సో వాళ్లు ఆ వైన్ చేయడం మొదలుపెట్టిందే 1980లలో! వాటిని అమ్మజూపిన రూడీ కుర్నియావాన్‌కు 2014లో 10 ఏళ్ల జైలుశిక్ష పడింది. అతని ఇంట్లో దొంగ లేబుళ్లు కుప్పలుగా దొరికాయి. అందుకే ఇప్పుడు కొందరు తయారీదారులు బిరడా మీది తొడుగులో ఎన్‌ఎఫ్‌సీ చిప్ పెడుతున్నారు. ఫోన్ దగ్గర పెడితే సీసా పుట్టుపూర్వోత్తరాలు కనిపిస్తాయి. కొన్ని రకాల్లో మూత తీయగానే సన్నని తీగ తెగి, ఆ సంగతీ బయటపడుతుంది. ఖాళీ సీసాలు మళ్లీ నింపేవాళ్లకు ఇదే గట్టి దెబ్బ. సీసా వివరాలను బ్లాక్‌చెయిన్ అనే డిజిటల్ చిట్టాలో రాస్తే చాలదా అంటారు కొందరు. అది రాసినదాన్ని చెరగనివ్వదు, నిజమే. మొదట రాసిందే అబద్ధమైతే ఆ అబద్ధాన్నీ అంతే పదిలంగా దాస్తుంది. ఇక చిప్‌లు పుట్టకముందరి సీసాలకైతే గాజు, కాగితం, సిరా పట్టి చూసే నిపుణుల కళ్లే దిక్కు.